ఫలము చేజారిన పిమ్మట

గెలిచినవాని కథ వినుటకు లోకమునకు ఎప్పుడును తీరిక కలదు. పడి, లేచి, తుదకు గెలిచినవాని కథ యన్నచో మరింత ప్రీతి. పాఠశాలలలో పిల్లలకు చెప్పు నీతికథలలో పెక్కు ఈ మూసలో పోతపోసినవే. కాని పడి, లేచి, శక్తికొలది పోరాడి, గమ్యమునకు ఒక్క అడుగు దూరమున నిలిచిపోయినవాని కథను చెప్పువారు అరుదు. నిజమునకు లోకమున అట్టివారే ఎక్కువ. తరగతిలో నలుబదిమంది యున్నచో ప్రథమస్థానము ఒక్కనిదే. తక్కిన ముప్పది తొమ్మిదిమందికి పనికివచ్చు పాఠ మేది?

2022వ సంవత్సరపు శీతకాలమున అమెరికాలోని డెట్రాయిట్ లయన్స్ అను ఫుట్‌బాల్ జట్టు ఆడిన చివరి ఆటలు ఈ ప్రశ్నకు ఒక సమాధానము నిచ్చుచున్నవి. ఆ ఏడు ఆ జట్టు గమ్యమును చేరలేదు. ఇక చేరజాలదని రూఢిగా తెలిసిన పిమ్మట అది మైదానమున దిగి, మనసు పెట్టి ఆడి గెలిచెను. ఉపాధ్యాయులును విద్యార్థులును ఒకసారి నిలిచి ఆలోచింపదగిన వృత్తాంత మిది.

అమెరికనులు ఫుట్‌బాల్ అని పిలుచునది మన పాఠశాలల మైదానములలో ఆడు ఫుట్‌బాల్ కాదు. అందలి బంతి కోలగా నుండును. దానిని కాలితో తన్నుటకంటె చేతబట్టుకొని పరుగెత్తుటయు, తోటి ఆటగానికి విసరుటయు అధికము. మైదానము నూరు గజముల పొడవు. నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందుకు సాగవలెను. సాగినచో మరి నాలుగు ప్రయత్నములు లభించును. సాగనిచో బంతి ఎదిరిపక్షము వశమగును. బంతిని అవతలి హద్దు దాటించినచో దానిని టచ్‌డౌన్ అందురు. దానికి 6 పాయింట్లు. కమ్మీల నడుమనుండి తన్ని పంపినచో 3 పాయింట్లు.

జాతీయ ఫుట్‌బాల్ లీగులో 32 జట్లు కలవు. అవి 16 చొప్పున రెండు సమూహములుగను, ఒక్కొక్క సమూహము నాలుగేసి జట్లు గల నాలుగు వర్గములుగను విభజింపబడియున్నవి. 2021 నుండి ఒక్కొక్క జట్టు ఏటికి 17 ఆటలు ఆడుచున్నది. సెప్టెంబరులో మొదలై జనవరి మొదటి దినములలో ముగియు ఈ ఆటల పిమ్మట, ఒక్కొక్క సమూహమునుండి ఏడు జట్లు ప్లేఆఫ్ పోటీలకు అర్హత పొందును. నాలుగు వర్గముల విజేతలు నాలుగు. తక్కినవానిలో మెరుగైనవి మూడు. ప్లేఆఫ్‌లలో ఒక్కసారి ఓడినచో ఇంటికి పోవలసినదే. కనుక నవంబరు, డిసెంబరు మాసములలో ప్రతి జట్టు లెక్కయు ఈ ఏడు స్థానముల చుట్టును తిరుగుచుండును.

అమెరికాలో ఇది పండుగల కాలము. నవంబరు నాలుగవ గురువారమున కృతజ్ఞతా దినోత్సవము, పిదప క్రిస్మస్, ఆ వెంటనే నూతన సంవత్సరము. కుటుంబములు ఒకచోట చేరి విందారగించి ఆట చూచుట అచటి ఆచారము. డెట్రాయిట్ నగరమునకు ఈ ఆచారముతో ప్రత్యేక సంబంధము కలదు. 1934లో ఆ నగరమునకు వచ్చినది మొదలు, నడుమ కొన్ని ఏండ్లు తప్ప, ప్రతి కృతజ్ఞతా దినమునను లయన్స్ జట్టు స్వస్థలమున ఆడుచున్నది. లోకమునకు సెలవు లభించిన నాడు ఆ జట్టునకు సెలవు లేదు. మోటారుకార్ల పరిశ్రమకు పుట్టినిల్లుగా పేరుపొంది, ఆ పరిశ్రమ సన్నగిల్లగా క్రుంగి, 2013 జూలైలో దివాలా కోరి న్యాయస్థానము నాశ్రయించిన నగరమది. కార్ల కర్మాగారములలోను కార్యాలయములలోను పనిచేయు తెలుగు కుటుంబములు ఆ పరిసరములలో చాలగా స్థిరపడియున్నవి. అచటి బడులలో చదువు తెలుగు పిల్లలకు లయన్స్ గెలుపోటములు ఇంటి ముచ్చటలే.

ఆ ముచ్చటలలో చిరకాలము ఓటమియే అధికము. 1957లో లీగు విజేతయైన పిదప 2022 వరకు గడచిన ఆరుపదులకు పైబడిన ఏండ్లలో లయన్స్ ప్లేఆఫ్‌లలో గెలిచిన ఆట ఒక్కటే. అది 1992 జనవరి 5న. 2008లో ఆడిన 16 ఆటలలోను ఓడి, పదియారింట పదియారు ఓడిన తొలి జట్టుగా చరిత్ర కెక్కెను. 2021లో శిక్షకత్వము చేపట్టిన డ్యాన్ క్యాంప్‌బెల్ ఆ 2008 జట్టులో ఆటగాడుగా నుండినవాడే. ఆయన తొలి ఏట 3 గెలుపులు, 13 ఓటములు, ఒక సమము. 2022లోను ఆరంభ మదే తీరు. అక్టోబరు ముగియునప్పటికి ఆడినవి 7, గెలిచినది 1.

ఆ ఆరు ఓటములలో ఒకదానిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. అక్టోబరు 2న స్వస్థలమున సియాటిల్ సీహాక్స్‌తో ఆడి, 45 పాయింట్లు సంపాదించియు, లయన్స్ ఓడెను. సియాటిల్ సంపాదించినవి 48. మూడు పాయింట్ల ఓటమి. ఆనాడు దానిని మరియొక ఓటమిగా మాత్రమే ఎంచిరి.

నవంబరులో గాలి మారెను. 6న గ్రీన్ బే ప్యాకర్స్‌పై 15–9, 13న షికాగోపై 31–30, 20న న్యూయార్క్ జెయింట్స్‌పై 31–18. వరుసగా మూడు గెలుపులు. 24న కృతజ్ఞతా దినమున బలిష్ఠమైన బఫెలో జట్టుతో తుదివరకు సమముగా పోరాడి, రెండు సెకండ్లు మాత్రమే మిగిలియుండగా ఎదిరి తన్నిన బంతితో 25–28గా ఓడెను. విందుబల్లల చెంత కూర్చుండి చూచిన నగర మంతయు ఆనాడు నిట్టూర్చియుండును. కాని జట్టు డీలాపడలేదు. డిసెంబరు 4న జాక్సన్‌విల్‌పై 40–14, 11న మినెసోటాపై 34–23, 18న న్యూయార్క్ జెట్స్‌పై 20–17. ఒకనాడు 1–6గా నుండిన లెక్క ఇప్పుడు 7–7. చాల ఏండ్లకు డెట్రాయిట్‌లో డిసెంబరు మాసమున ప్లేఆఫ్ మాట వినవచ్చెను.

అంతలో క్రిస్మస్ ముందునాడు, డిసెంబరు 24న, ఎముకలు కొరుకు చలిలో షార్లట్ నగరమున కరోలినా జట్టు లయన్స్‌ను 37–23తో ఓడించెను. బంతిని చంకనిడుకొని పరుగెత్తుట ద్వారానే కరోలినావారు 320 గజములు సాగిరి. అడ్డుకొనవలసినవారు అడ్డుకొనలేకపోయిరి. ఆశ చిగిర్చిన పిమ్మట తగిలిన దెబ్బ, ఆశయే లేనినాడు తగిలిన దెబ్బకంటె బరువు. చాల జట్లు ఇచట కూలబడును. లయన్స్ ఎనిమిది దినముల తరువాత, నూతన సంవత్సర దినమున, షికాగోను 41–10తో ఓడించెను. లెక్క 8–8.

ఇక మిగిలినది ఒక్క ఆట. సమూహమున మిగిలినది ఒక్క స్థానము. దానికై పోటీపడునవి మూడు జట్లు: డెట్రాయిట్, గ్రీన్ బే, సియాటిల్. మూడింటి లెక్కయు 8–8. 2023 జనవరి 8, ఆదివారము రాత్రి లయన్స్ గ్రీన్ బే నగరమునకు పోయి ప్యాకర్స్‌తో ఆడవలెను. ప్యాకర్స్ గెలిచినచో స్థానము వారిదే. లయన్స్‌కు మాత్రము తాము గెలుచుట చాలదు. అంతకుముందు కొన్ని గంటల క్రితము మొదలగు ఆటలో సియాటిల్ లాస్ ఏంజెలెస్ రామ్స్ చేతిలో ఓడిపోవలెను.

సియాటిల్ ఓడలేదు. నిర్ణీతకాలమున సమమైన ఆటను అదనపు సమయమున 19–16గా గెలిచెను. అంతటితో లయన్స్ కథ ముగిసెను. తాము గెలిచినను ఇరుజట్ల లెక్కయు 9–8గా సమమగును. సమమైనప్పుడు పరస్పరము ఆడిన ఆటలో గెలిచినవారిదే పైచేయి. ఆ ఆట ఏది? అక్టోబరు 2 నాటిది. 48–45. ఆనాడు తేలికగా మరచిన మూడు పాయింట్లు మూడు మాసములు దాటిన పిమ్మట వచ్చి, బాకీ అడిగినవి.

ఈ సంగతి లయన్స్ ఆటగాండ్రు మైదానమున ఆట మొదలుపెట్టకముందే ఎరుగుదురు. ఆ నిమిషమున వారి స్థితి యెట్టిదో ఊహింపవలెను. గెలిచినను లాభము లేదు. గెలువకున్న నష్టము లేదు. అంతమాత్రమే కాదు, ఓడినచో ఒక లాభము కూడ కలదు. ఆ లీగులో ఏటేట కళాశాలలనుండి క్రొత్త ఆటగాండ్రను ఎన్నుకొను డ్రాఫ్ట్ అను పద్ధతి కలదు. బలహీనమైన జట్లు బాగుపడవలెనను సదుద్దేశముతో, తక్కువ గెలిచినవారికి ముందు ఎన్నుకొను వరుస నిత్తురు. ప్లేఆఫ్ ఆశ పోయిన జట్టు మరియొక ఆట ఓడినచో వరుసలో కొంత ముందుకు జరుగవచ్చును. ఓటమికే నియమము కానుక నిచ్చు ఘట్టమది. దీనికి తోడు అది కఠినమైన దేహసంఘర్షణతో కూడిన క్రీడ. ప్రయోజనము లేని ఆటలో కాలో చేయో విరుగగొట్టుకొనుట యెందులకని తలచినవానిని తప్పుపట్టువా రుండరు.

అయినను వా రాడిరి. విరామసమయమునకు ప్యాకర్స్ 9–6తో ముందుండిరి. పిదప లయన్స్ ముందుకు వచ్చుట, మరల ప్యాకర్స్ 16–13తో పైబడుట. చివరి భాగమున జమాల్ విలియమ్స్ ఆ రాత్రి తన రెండవ టచ్‌డౌన్ సాధించెను. అది ఆ ఏడు ఆయనకు 17వది. బారీ సాండర్స్ 1991లో పరుగుద్వారా సాధించిన 16 టచ్‌డౌన్ల జట్టు పరిమితిని అది దాటించెను. ప్యాకర్స్ నాయకుడు ఆరన్ రోజర్స్ విసరిన బంతిని తొలియేటి ఆటగాడు కర్బీ జోసెఫ్ మధ్యలో పట్టుకొనెను. రోజర్స్ ఆ జట్టు పక్షమున విసరిన చివరి బంతి అదియే అయ్యెను. తుదకు నాలుగవ ప్రయత్నమున ఇంక ఒక గజము కావలసియుండగా, లయన్స్ బంతిని దూరముగా తన్ని పంపి క్షేమము చూచుకొనలేదు. జారెడ్ గాఫ్ బంతిని విసరెను. డీజే చార్క్ అందుకొనెను. ఆట 20–16గా ముగిసెను. ప్యాకర్స్ ప్లేఆఫ్ ఆశ కూడ అంతటితో ముగిసెను. స్థానము సియాటిల్‌కు దక్కెను.

ఈ గెలుపునకు అర్థమేమి? చిరకాలపు ప్రత్యర్థిని అడ్డగింపవలెనను పట్టుదల అందు లేకపోలేదు. లక్షలు, కోట్లు వేతనముగా గొను వృత్తిక్రీడాకారులు ఆడక యేమి చేయుదురని అడుగువారును కలరు. వేతనము మైదానమునకు రప్పింపగలదు. కాని నాలుగవ ప్రయత్నమున సాహసింపుమని వేతన మెవ్వరికిని చెప్పదు. పనికి వచ్చుట వేరు, పని చేయుట వేరు. ఈ రెంటికిని గల అంతరము ఫలము లేనప్పుడే బయటపడును. ఫలము కనుచూపుమేరలో నున్నంతవరకు మనుష్యుని నడపునది ఫలమా, శ్రద్ధయా అని తేల్చుట ఇతరులకే కాదు, ఆతనికే కష్టము.

ఇంకను ముఖ్యమైన విషయ మొకటి కలదు. ఆ రాత్రి లయన్స్‌కు ప్రయోజనము లేదన్నమాట నిజమే. కాని ఆ ఆట ప్రయోజనము లేని ఆట కాదు. గ్రీన్ బే, సియాటిల్ అను ఇరుజట్ల భవితవ్యము దానిపై నాధారపడియుండెను. లయన్స్ మొక్కుబడిగా ఆడియున్నచో, మైదానమునకు ఎంతో దూరమున నున్న మూడవ జట్టునకు అన్యాయము జరిగియుండును. ఆ జట్టే తమ ఆశను తుడిచివేసిన జట్టు! తనకు దక్కనిదానిని దక్కించుకొన్నవానికి న్యాయము జరుగుటకై తన శక్తినంతయు వెచ్చించుట అన నిదియే. మన పనిలో మన ఫలము ముగిసినంతమాత్రమున ఇతరుల ఫలము ముగియదు. పని విలువను మన లాభముతో మాత్రమే కొలుచువారు ఈ సత్యమును చూడజాలరు.

ఉపాధ్యాయులకు ఈ మాట క్రొత్త కానేరదు. సమాధానపత్రములు దిద్దు దినములలో కట్టలోని చివరి పత్రము చేతికి వచ్చునప్పటికి కన్నులు అలసియుండును, వ్రేళ్లు తిమ్మిరెక్కియుండును. మొదటి పత్రమును దిద్దినను చివరి పత్రమును దిద్దినను ప్రతిఫల మొక్కటే. కాని ఆ చివరి పత్రము వ్రాసిన బాలునకు అది చివరిది కాదు, అది యొక్కటే. పదవీవిరమణకు రెండు మాసములున్న ఉపాధ్యాయునకు ఇక పొందవలసిన పదోన్నతి లేదు. ఆయన ఎదుట కూర్చున్న పిల్లలకు మాత్రము ఆ సంవత్సరము మరల రాదు. ఉత్తీర్ణుడగునను ఆశ లేని విద్యార్థికి పాఠము చెప్పుట పాఠశాల ఫలితముల శాతమును పెంచకపోవచ్చును. శాతమునకు పనికిరాని ఆ పాఠమే ఆ బాలుని బ్రతుకునకు పనికివచ్చునేమో! ఫలితముల పట్టికకై మాత్రమే బోధించువాడు ఆశపోయిన బాలుని ఎదుట తెలియకుండగనే మాట తగ్గించును. ఆ తగ్గుదల బాలునకు తెలియును.

విద్యార్థులు ఈ వృత్తాంతమునుండి గ్రహింపవలసినవి రెండు. రెండును కలసియే గ్రహింపవలెను. మొదటిది అక్టోబరు 2. చివరి పది ఆటలలో ఎనిమిదింట గెలిచిన జట్టును, మొదటి ఏడింట చేసిన అప్పు వెంటాడెను. పరీక్షలకు ముందు నెలదినములు నిదుర మాని చదివి గట్టెక్కిన వీరుల కథలు ప్రతి వసతిగృహమునను వినబడును. అట్లు చదివియు గట్టెక్కనివారి కథలు వినబడవు. చివరి పరుగు గొప్పదే. కాని అది మొదటి నడకను రద్దుచేయజాలదు. ఏడాది ఆరంభమున తేలికగా విడిచిన పాఠము, విడిచినవాడు మరచినను, తాను మరువదు.

రెండవది జనవరి 8. ఒక ప్రశ్నపత్రము పాడైనదని తెలిసిన పిమ్మట తక్కిన పత్రములను ఉదాసీనముగా వ్రాయు విద్యార్థులు ప్రతి ఏట కనబడుదురు. కోరిన కళాశాలలో స్థానము ఇక దొరకదని లెక్క తేలగానే పుస్తకము మూయువారు కలరు. 'ఇంక దేనికి?' అను ప్రశ్న వివేకమువలె వినబడును. పెక్కుమార్లు అది అలసట వేసికొనిన వేషము. పోయినదానిని తిరిగి తెచ్చుటకు పనికిరాని పనియంతయు వ్యర్థమనుట తర్కము కాదు. చదివిన పాఠము చదివినవానిదే. అది ఏ స్థానమునకు మెట్టు కాకున్నను జ్ఞానము జ్ఞానమే.

మరుసటి ఏటి కథ చెప్పక మానుట న్యాయము కాదు; చెప్పి దానికి తలయొగ్గుటయు న్యాయము కాదు. 2023 డిసెంబరు 24న, కరోలినా చేతిలో పరాభవము పొంది సరిగా ఏడాది నిండిన నాడు, లయన్స్ మినెసోటాను 30–24తో ఓడించి 1993 తరువాత మొదటిసారిగా తమ వర్గమున విజేతలైరి. 2024 జనవరి 14న రామ్స్‌ను 24–23తో ఓడించి, ముప్పదిరెండేండ్ల పిమ్మట ప్లేఆఫ్ విజయమును చవిచూచిరి. మరి రెండు వారములకు, సగము ఆట ముగియునప్పటికి 24–7తో ముందుండియు, శాన్ ఫ్రాన్సిస్కో చేతిలో 31–34తో ఓడి మరల గమ్యమునకు ఒక అడుగు దూరమున నిలిచిపోయిరి.

గ్రీన్ బే రాత్రియే ఈ విజయములకు కారణమని చెప్పుట సులభము, వినుట ఇంపు. కాని అట్లు చెప్పినచో ఆ రాత్రిని మరల ఫలము త్రాసున తూచినట్లగును; ఒకవేళ మరుసటి ఏడు ఓడియున్నచో ఆ రాత్రి వ్యర్థమని ఒప్పుకొనవలసివచ్చును. అది వ్యర్థము కాదు. 2023లో ఏమి జరిగినను, జరుగకున్నను, జనవరి 8 నాటి ఆట ఆనాటికే సంపూర్ణము. ఒక జట్టు తన వంతు పనిని చేసెను. ఇంకొక జట్టునకు న్యాయము చేకూరెను. చూచినవారికి ఆట యనగా నేమో తెలిసెను. అంతకుమించి దానికి సాక్ష్య మక్కరలేదు.

త్వరలో బడులకు సంక్రాంతి సెలవులు వచ్చును. సెలవులు ముగిసి తిరిగివచ్చు నాటికి విద్యాసంవత్సరమున మిగులునది కొద్దికాలమే. ప్రతి తరగతిలోను ఆ కొద్దికాలముతో గమ్యమును చేరగలవారు కొందరు, లెక్కప్రకారము చేరజాలనివారు కొందరు ఉందురు. రెండవ తెగవారిని ఉపాధ్యాయులు పట్టికనుండి తీసివేయకుందురు గాక. వారును తమ్ము తాము తీసివేసికొనకుందురు గాక. ఆట ఇంకను మిగిలియే యున్నది.